శాస్త్రిగారి వేషం కట్టబోతున్న అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

లాల్ బహదూర్ శాస్త్రిగారి వేషం ఖాయమైందని నువ్వు ఫోన్ చేసిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. సంతోషం సగం, టెన్షన్ సగం. "మాస్టారూ, యుద్ధం సీన్లలో ఇరగదీసేస్తాను" అన్నావు చూడు, టెన్షన్ అక్కడ మొదలైంది. ఫోన్లో చెబితే ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తావని కాగితం మీద పెడుతున్నాను.

ముందు నా పరువు నేనే తీసుకుంటాను. చాలా ఏళ్ల కిందట ఒక సీరియల్లో నేనూ ఒక పెద్ద నాయకుడి వేషం వేశాను. గుండెలు పొంగించి, గొంతు పెంచి, ఇంట్లో భార్యతో "కాసిని మంచినీళ్లు ఇవ్వు" అనే ముక్క కూడా మైదానంలో లక్షమంది ముందు చెప్పినట్టు చెప్పాను. భార్య వేషం వేసినావిడ గ్లాసు అందిస్తూ, "మైకు ఎక్కడ పెట్టారండీ?" అంది. సెట్టంతా నవ్వారు. డబ్బింగ్‌లో చూసుకుంటే ఆవిడే కరెక్టని నాకూ అర్థమైంది. నాయకుడికి సభలో ఒక గొంతు ఉంటుంది, గదిలో ఇంకొకటి ఉంటుంది. మనకి దొరికే రికార్డులన్నీ సభలవే కాబట్టి గది గొంతు మనమే వెతుక్కోవాలి. హిట్లర్ వేషం వేసిన బ్రూనో గాంజ్ అరుపుల ఉపన్యాసాలతో సరిపెట్టుకోలేదు. 1942లో ఫిన్లాండులో హిట్లర్‌కి తెలియకుండా రికార్డయిన మామూలు సంభాషణ ఒకటి ఉంది, పదకొండు నిమిషాలది. దాన్ని పట్టుకుని సాధన చేశాడు. నీకు అలాంటి టేపు లేదు. కానీ శాస్త్రిగారు సభలో కూడా దాదాపు గదిలో లాగే మాట్లాడేవారు, అది నీ అదృష్టం. ఆకాశవాణి రికార్డులు, ఫిల్మ్స్ డివిజన్ రీళ్లు తెప్పించుకుని విను. మాటలు తర్వాత, ఆయన ఎక్కడ ఆగుతున్నారో ముందు చూడు.

ఇక ఎత్తు సంగతి. ఆయన అయిదడుగుల రెండంగుళాలు, నువ్వు అయిదడుగుల ఎనిమిది. వంగి నడుస్తూ ప్రాక్టీసు చేస్తున్నానన్నావు. మానెయ్. పొట్టివాళ్లు వంగరు నాయనా, తల ఎత్తి చూస్తారు. జీవితమంతా ఎదుటివాళ్లని కింది నుంచి పైకి చూసిన మెడ అది, గడ్డం కాస్త ముందుకు వచ్చి ఉంటుంది. నువ్వు వంగితే చూపు నేలకి పోయి, ముసలాడివో భయస్థుడివో అయిపోతావు. నిన్ను తగ్గించడం కెమెరా వాళ్ల పని. పక్కవాళ్ల కాళ్ల కింద ఆపిల్ బాక్సులు, అదే ఎత్తు కోసం వేసే చెక్కపెట్టెలు, వేస్తారు, పాకిస్తాన్ అధ్యక్షుడు ఆయూబ్ ఖాన్ వేషానికి ఆరడుగుల పైబడినవాణ్ణి తెస్తారు. నువ్వు మెడ సంగతి చూసుకో.

ఇప్పుడు అసలు విషయం. 1956లో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రిగా శాస్త్రిగారు రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో తమిళనాట అరియలూరు దగ్గర మరో రైలు ప్రమాదం జరిగింది. మళ్లీ రాజీనామా ఇచ్చారు, ఈసారి వెళ్లిపోయారు. పట్టాలు వేసింది ఆయన కాదు, రైలు నడిపింది ఆయన కాదు. అయినా ఆ చావులు తన లెక్కలో రాసుకున్న మనిషి. తొమ్మిదేళ్ల తర్వాత, పాకిస్తాన్‌తో యుద్ధంలో, 1965 సెప్టెంబరు 6న, ఆ మనిషి ప్రభుత్వమే సైన్యాన్ని అంతర్జాతీయ సరిహద్దు దాటించి లాహోర్ వైపు పంపింది. ఆ యుద్ధంలో మన సైనికులు దాదాపు 3,000 మంది పోయారు. రైలు ప్రమాదానికి పదవి వదిలేసినవాడు ఈ లెక్క ఎక్కడ రాసుకుని ఉంటాడు? నీ వేషమంతా ఈ ప్రశ్నలో ఉంది. స్క్రిప్టులో దీనికి డైలాగు లేదన్నావు. మంచిదే, రాయమని అడగకు. "సరే, వెళ్లండి" అని సైన్యాధిపతి జనరల్ చౌధురికి చెప్పే సీను నీ స్క్రిప్టులో ఉందిగా, ఆ మాటకి ముందు ఒక్క క్షణం అరియలూరు నీ కళ్లలో మెదిలితే చాలు. ప్రేక్షకుడికి ఊరి పేరు తెలియకపోయినా ఏదో మెదిలిందని తెలుస్తుంది. బల్ల గుద్దావో, మొత్తం పోయినట్టే.

ఆయన్ని చూసి ఢిల్లీలోనే చాలామంది బలహీనుడనుకున్న రోజులవి. ఆ ఏడాది మొదట్లో మద్రాసులో హిందీ వ్యతిరేక ఆందోళన మండిపోయి, సి.సుబ్రమణ్యం, అళగేశన్ కేంద్ర మంత్రి పదవులకి రాజీనామాలు ఇచ్చారు. చివరికి శాస్త్రిగారు రేడియోలో హామీ ఇచ్చి సర్దుకోవాల్సి వచ్చింది. ఈ భాగం సినిమాలో ఉంచమని డైరెక్టర్‌ని అడుగు. తడబడని నాయకుణ్ణి మూడు గంటలు ఎవరు చూస్తారు? దండ వేసిన ఫొటో గోడ మీద ఉంటే చాలదూ.

కాల్పుల విరమణ తర్వాత రామ్‌లీలా మైదానంలో ఆయన విసిరిన చెణుకు తెలుసుగా. ఆయూబ్ గారు నడుచుకుంటూ ఢిల్లీ వస్తానన్నారు, అంత పెద్దాయనకి శ్రమ ఎందుకని మనమే లాహోర్ వైపు నడిచాం, అనే భావంతో అన్నారు. దాన్ని పంచ్ డైలాగులా కొట్టించాలని చూస్తారు, వెనక డప్పులు కూడా వాయిస్తారేమో. నువ్వు మాత్రం పెళ్లి పందిట్లో వియ్యంకుణ్ణి మర్యాదగా ఆటపట్టించినట్టు చెప్పు.

ధోతీ రేపటి నుంచే కట్టు. మన పంచెకట్టు వేరు, ఉత్తరాది కట్టు వేరు. కాస్ట్యూమ్ వాళ్లు కుట్టేసిన రెడీమేడ్ ధోతీ ఇస్తే వద్దను. అందులో నడక నడకలా ఉండదు. నెల రోజులు ఇంట్లో కట్టుకుని తిరుగు, మెట్లెక్కు, కింద కూర్చుని లే. ఎందుకంటావా? పాకిస్తాన్ నుంచి పట్టుబడిన ప్యాటన్ ట్యాంకు మీద ఆయన ధోతీతో నిలబడ్డ ఫొటో ఉంది. ఆ సీను మీ సినిమాలో తప్పక పెడతారు. అంత ఎత్తు ఇనుప బండ మీదకి ధోతీతో ఎక్కాలంటే కుచ్చిళ్లు ఏ చేత్తో పట్టుకోవాలో, ఏ కాలు ముందు పెట్టాలో నీ ఒంటికి తెలిసి ఉండాలి. పైగా ఆయనకి 1959లో ఒకసారి, ప్రధాని అయిన కొత్తలో మరోసారి గుండెపోటు వచ్చింది. ఎక్కాక ఊపిరి కాస్త ఆడనివ్వు. ఆయాసం నటించొద్దు, నిజంగా ఎక్కితే అదే వస్తుంది.

తిండిగింజల కొరత రోజుల్లో సోమవారం రాత్రి భోజనం మానమని దేశాన్ని అడిగిన సంగతి చాలామంది తీస్తారు. అంతకుముందు తన ఇంట్లో, పిల్లలతో సహా ఒక పూట పస్తు ఉండి చూసుకున్నారని ఆయన కొడుకు చెప్పారు. నాకు రేడియో ప్రసంగం కన్నా ఆ సాయంత్రమే ఇష్టం. పొయ్యి వెలిగించని వంటిల్లు, ఆకలికి ఓర్చుకోగలరా అని పిల్లల మొహాలు చూస్తున్న తండ్రి. అక్కడ ఏమీ చెయ్యకు, చూడు అంతే.

చివరికి తాష్కెంట్. 1966 జనవరి 10న అక్కడ ఆయూబ్‌తో శాంతి ఒప్పందం మీద సంతకం, అర్ధరాత్రి దాటాక మరణం. ఆ మరణం మీద ఇప్పటికీ సవాలక్ష అనుమానాలు. అవి డైరెక్టర్ తలనొప్పి, నీకెందుకు? నువ్వు చెయ్యకూడని పని ఒకటే, పదో తేదీ పొద్దున్నుంచే పోబోయేవాడిలా మొహం పెట్టడం. ఆయనకి ఏం తెలుసు? మర్నాడు విమానం ఎక్కాలనే అనుకుంటున్నాడు.

ఆ రాత్రి ఢిల్లీకి చేసిన ఫోన్ సీనే నీకు గండం. అప్పుడు తాష్కెంట్‌లోనే ఉన్న పాత్రికేయుడు కుల్‌దీప్ నయ్యర్ దాని గురించి రాశారు. యుద్ధంలో మనం గెలుచుకున్న హాజీపీర్ కనుమ తిరిగి ఇచ్చేయడం మాకు నచ్చలేదని పెద్దకూతురు చెప్పింది, ఆయన భార్య లలితమ్మగారు అసలు ఫోన్ దగ్గరికే రాలేదు అని. అంత యుద్ధం నడిపినవాడు చేతిలో రిసీవర్ పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఉత్త ఫోన్ పట్టుకుని గాల్లోకి నటించకు, అవతల గదిలో ఎవరో ఒకరు నిజంగా మాట్లాడాలని పట్టుబట్టు. లైన్లో గరగర కూడా ఉండాలి. "అమ్మ రానంటోంది" అన్న మాట చెవిన పడ్డాక రిసీవర్ దించడానికి ఎంతసేపు పడుతుందో ముందే లెక్క కట్టుకోకు.

ఆ సీను ఎప్పుడు తీస్తారో నాకు చెప్పు. కూతురి మాటలు చదవడానికి ఎవరూ దొరక్కపోతే నేనే వస్తాను. ఈ గొంతుకి ఆడపిల్ల డైలాగులంటే నవ్వొస్తుందేమో, మొదటి టేకు నవ్వేసి రెండోది చేద్దాం.

ఇట్లు,
మీ మాస్టారు