నాన్నగారిని గేడన్ తీసుకెళ్లండి

ప్రశ్న: మాది తెనాలి. పెళ్లయ్యాక ఇంగ్లండ్ వచ్చేశాం, కోవెంట్రీలో ఉంటాం. మా నాన్నగారు ముప్పై ఏళ్లు అంబాసిడర్ ట్యాక్సీ నడిపారు, ఆ తర్వాత చిన్న షెడ్డు పెట్టుకుని రిపేర్లు చేశారు. అమ్మ పోయాక మొదటిసారి ఈ వేసవిలో ఆరు నెలల వీసా మీద మా దగ్గరికి వచ్చారు. కోటలు చూపించాం, చర్చిలు చూపించాం. "బాగుందమ్మా" అంటారు, ఎక్కడైనా బెంచీ కనిపిస్తే వెళ్లి కూర్చుంటారు. దగ్గర్లో గేడన్‌లో పాత బ్రిటిష్ కార్ల మ్యూజియం ఉందని తెలిసింది. మావారు "పాత కార్లు చూడ్డానికి అంత టికెట్టా" అంటున్నారు, నాన్నగారేమో "నాకోసం ఖర్చెందుకమ్మా" అంటున్నారు. మాకు ఏడేళ్ల బాబున్నాడు. అక్కడ రోజంతా గడుస్తుందా? ఏం చూడాలి?
– ఒక పాఠకురాలు, కోవెంట్రీ

జవాబు: వెళ్లండి చెల్లెమ్మా, ఈ శనివారమే వెళ్లండి. కోటలో మీ నాన్నగారు చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు. గేడన్‌లో అలా కాదు, అక్కడున్న బండ్ల గురించి మీకంటే, మీవారికంటే, నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు.

ఈ మాట ఊరికే అనడం లేదు. కొన్నేళ్ల క్రితం మా బాబాయిని నేను అక్కడికి తీసుకెళ్లాను. ఆయనా డ్రైవరే, గుంటూరు–విజయవాడ మధ్య అద్దె కారు తిప్పేవాడు. లోపలికి వెళ్లగానే గుళ్లో ఉన్నట్టు చేతులు వెనక్కి కట్టుకుని నా వెనకే నడిచాడు. ముట్టుకోవద్దని బోర్డులుంటాయి కదా, ఆ భయం. నేను ఒక్కో బోర్డూ చదివి చెబుతుంటే ఊఁ కొడుతున్నాడు, అంతే. అరగంట అలాగే గడిచింది. చివరికి ఒక మోరిస్ మైనర్ దగ్గర ఆగిపోయాడు. మొట్టమొదటి వరసలో తయారైన బండి, 1948 నాటిది. ముందుకెళ్లి, వెనక్కొచ్చి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి చూసి, "ఒరే, దీన్ని మధ్యకి కోసి అతికారురా" అన్నాడు.

నిజంగానే కోశారు. ఆ కారు డిజైన్ చేసిన అలెక్ ఇస్సిగోనిస్‌కి తయారీ మొదలుపెట్టబోయే ముందు బండి సన్నగా ఉందనిపించింది. నమూనా కారుని నిలువునా రెండు ముక్కలుగా కోయించి, ఆ ముక్కలను కొంచెం కొంచెం దూరం జరుపుతూ, కంటికి సరిపోయింది అనిపించినచోట ఆపాడు. నాలుగు అంగుళాలు తేలింది. బానెట్ మధ్యలో నిలువునా ఒక బల్లపరుపు పట్టీ కనిపిస్తుంది, ఆ నాలుగు అంగుళాలు అవే. బంపర్లు అప్పటికే పాత కొలతకి తయారై ఉన్నాయి, వాటిని పారేయకుండా మధ్యకి కోసి చిన్న ముక్క వేసి కలిపారు. మా బాబాయి కనిపెట్టింది ఆ బంపర్ అతుకునే. బోర్డు మీద ఇంగ్లీషులో ఏం రాశారో ఆయనకి అక్కర్లేకపోయింది. అక్కణ్నుంచి ఆయన ముందు, నేను వెనక.

అందుకే చెబుతున్నా, అక్కడ మూడు వందల కార్ల వరకూ ఉంటాయి, అన్నీ చూడాలని పెట్టుకోకండి. ఓ ఆరేడు చాలు. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ మీరూ ఆగండి, వంగి కమాన్ కట్టలు చూస్తానంటే చూడనివ్వండి, "పదండి నాన్నా, ఇంకా చాలా ఉంది" అని మాత్రం అనకండి.

బాబు సంగతి అడిగారు. బాబుని తాతయ్యకి అప్పగించండి. దారిలోనే ఒక పని చెప్పండి వాడికి: తాతయ్య వాడే బండి మాటలు ఏ కారు నుంచి వచ్చాయో కనుక్కోమని. మనం డిక్కీ అంటాం కదా, ఇప్పుడు ఇంగ్లండ్‌లో సామాన్లు పెట్టే చోటుని ఎవరూ ఆ మాట అనరు, బూట్ అంటారు. కానీ 1920లు, 30లలో వచ్చిన చిన్న రెండు సీట్ల కార్లకి వెనక ఒక మూత ఉండేది, అది తెరిస్తే లోపల మడత సీటు. దాని పేరు డిక్కీ సీటు. బయట గాలికి, వానకి కూర్చునే సీటన్నమాట. ఆ సీటు పోయింది, మాట మాత్రం తెనాలి షెడ్డులో మిగిలింది. అలాంటి కారు కనిపించినప్పుడు తాతయ్య చేత వాడికి చూపించండి.

స్టెప్నీ కథ ఇంకా బాగుంటుంది. మొదట్లో కార్లకి అదనపు చక్రం ఇచ్చేవాళ్లు కాదు, పంక్చరైతే రోడ్డు పక్కన కూర్చుని బాగుచేసుకోవాల్సిందే. వేల్స్‌లోని లనెల్లి అనే ఊళ్లో డేవీస్ సోదరులు 1904లో ఒక ఉపాయం తెచ్చారు. ఆకులు లేని ఒట్టి రిమ్ము, దానికి గాలి కొట్టిన టైరు, పంక్చరైన చక్రానికి పక్కనే బిగించుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు. వాళ్ల దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. అదే ఆ చక్రానికి పేరైంది. ఇప్పటి ఇంగ్లీషువాళ్లలో ఎందరికో ఆ మాటే తెలియదు, మన ఆటో డ్రైవర్ రోజూ వాడతాడు. మీ నాన్నగారికి ఇది చెప్పి ఆయన ముఖం చూడండి.

మినీల దగ్గర తప్పకుండా ఆగండి. 1959లో తయారైన మొదటి మినీల్లో ఒకటి, 2000 అక్టోబరు 4న లాంగ్‌బ్రిడ్జ్ ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన ఆఖరి మినీ, రెండూ ఈ మ్యూజియం సేకరణలోవే. ఆ రెండింటి మధ్య 53 లక్షలకు పైగా మినీలు తయారయ్యాయి. 1956లో ఈజిప్టులోని సూయెజ్ కాలువ గొడవతో బ్రిటన్‌లో పెట్రోలుకి రేషన్ పెట్టారు, తక్కువ తాగే చిన్న బండి కావాలని కంపెనీ అడిగితే అదే ఇస్సిగోనిస్ చేసిన పని ఇది. పొడవు పది అడుగులే, నలుగురు కూర్చోవాలి. ఇంజన్‌ని అడ్డంగా తిప్పాడు, గేర్ బాక్స్‌ని ఇంజన్ కింద ఆయిల్ సంపులోనే పెట్టేశాడు, చక్రాలు పది అంగుళాలకి తగ్గించాడు, స్ప్రింగుల బదులు రబ్బరు దిమ్మలు పెట్టారు. మొదటి మినీ తలుపు లోపలివైపు చూడండి. హ్యాండిల్ ఉండదు, ఒక తీగ ఉంటుంది, లాగితే తలుపు తెరుచుకుంటుంది. అద్దాలు పక్కకి జరుపుకోవాలి. అద్దం తలుపులోకి దిగే ఏర్పాటు లేదు కాబట్టి ఆ చోటంతా సామాన్ల గూడు అయింది. నాకు ఆ తీగ చాలా ఇష్టం. కారులో ఒక్క అంగుళం కూడా వృథా పోకూడదని ఒక మనిషి ఎంత పట్టుబట్టాడో ఆ ఒక్క తీగలో కనిపిస్తుంది. 1964లో మాంటీ కార్లో ర్యాలీ అనే కార్ల పందెం గెలిచిన ఎర్ర మినీ కూడా ఈ సేకరణలోదే, బాబుకి అది నచ్చుతుంది.

ట్రయంఫ్ హెరాల్డ్ కనిపిస్తే నాన్నగారు వెంటనే గుర్తుపడతారు. మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారై మన ఊళ్లలో డాక్టర్ల ఇళ్ల ముందు నిలబడ్డ బండి ఇదే. దీనికి ఒట్టి బానెట్ కాదు, మడ్‌గార్డులతో సహా ముందు భాగం మొత్తం పైకి లేస్తుంది, మెకానిక్ హాయిగా టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. ఇంగ్లండ్‌లో నాలుగు తలుపుల హెరాల్డ్ రాలేదు, అది మద్రాసులో మన వాళ్లు చేసుకున్నది. ఆయన నడిపింది నాలుగు తలుపులదైతే రెండు తలుపుల బండి చూసి "ఇది కాదే" అంటారు, అప్పుడు మీరు ఈ సంగతి చెప్పాలి.

ల్యాండ్ రోవర్ల గురించి పెద్దగా చెప్పను, వాటి ముందు ఎవరైనా తమంతట తామే ఆగుతారు. 1948లో ఆ బండి వచ్చేనాటికి యుద్ధం అయిపోయి మూడేళ్లయినా స్టీలు దొరకడం లేదు, అందుకే బాడీ అల్యూమినియం మిశ్రమంతో చేశారు. పక్కనే కలెక్షన్స్ సెంటర్ అని ఇంకో భవనం ఉంది, పాత జాగ్వార్లు అందులో ఉంటాయి, అదీ చూడండి. మ్యూజియం పక్కనున్న జాగ్వార్ ల్యాండ్ రోవర్ ఆవరణ 2008 నుంచి మన టాటాలదే అని నాన్నగారికి కారు దిగేటప్పుడే చెప్పండి.

ఇంకో మాట. అక్కడ వాలంటీర్లు ఉంటారు, ఎక్కువమంది పెద్దవాళ్లే. సిగ్గుపడకుండా వాళ్లని పలకరించండి. మాకు తగిలిన పెద్దాయన లాంగ్‌బ్రిడ్జ్‌లో పని చేసి రిటైరయ్యాడు. మా బాబాయికి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు ఎలాగూ రాదు. బానెట్ తీసి ఉన్న ఒక బండిలోకి వేలు చూపించి మా బాబాయి "ఎస్.యూ." అన్నాడు. ఎస్.యూ. కార్బొరేటర్, పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి అందించే భాగం. మన అంబాసిడర్లకీ అదే ఉండేది. ఆ పెద్దాయన ముఖం వెలిగిపోయింది. పైన ఉండే మూత తిప్పి తీసినట్టు, అందులో నాలుగు చుక్కలు ఆయిల్ పోసినట్టు బాబాయి చేత్తో చూపిస్తే, ఆయన తల ఊపుతూ ఇంజన్ పరుగెత్తే చప్పుడు నోటితో చేశాడు. పావుగంట పైనే అలా మాట్లాడుకున్నారు. నేను మధ్యలో అనువాదం చేయబోతే బాబాయి చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాడు.

వెళ్లడానికి సొంత కారే మేలు, ఎం40 మోటర్‌వే మీద 12వ జంక్షన్ దగ్గర దిగాలి, మీకు ఎంతో దూరం కాదు. టికెట్ ధర, సమయాలు ముందురోజు వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఏ బండి ఎప్పుడు హాల్లో ఉంటుందో మారుతుంటుంది, కాబట్టి నాన్నగారికి ఫలానాది చూడాలని ఉంటే ముందే వాళ్లకి మెయిల్ రాసి కనుక్కోండి. పొద్దున తెరిచే వేళకే చేరండి, మధ్యాహ్నానికి రద్దీ పెరుగుతుంది. లోపల క్యాంటీన్ ఉంది, కానీ పెద్దాయన కోసం కారులో ఒక పులిహోర డబ్బా పెట్టుకోండి. ఆయన మాట్లాడుతున్నప్పుడు ఫోన్‌లో ఫొటోలకంటే మాటలు ఎక్కువ రికార్డు చేయండి. అంబాసిడర్‌కి చలికాలం పొద్దున హ్యాండిల్ ఎలా కొట్టాలో, బొటనవేలు హ్యాండిల్ చుట్టూ ఎందుకు పెట్టకూడదో ఆయన బాబుకి చెప్పే తీరుతారు. ఇంజన్ వెనక్కి తన్నితే వేలు విరుగుతుంది మరి.

ప్రశ్న: అంబాసిడర్ మన దేశపు కారు అని చిన్నప్పటి నుంచీ విన్నాను. హాస్టల్లో ఫ్రెండ్ మాత్రం అది పక్కా బ్రిటిష్ బండి, మనం పేరు మార్చుకున్నామంతే అంటున్నాడు. ఏది నిజం?
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది పుట్టుక వరకూ నిజం. ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే కారే మన అంబాసిడర్. ఆక్స్‌ఫర్డ్‌లో సైకిళ్లు బాగుచేసే కుర్రాడిగా మొదలుపెట్టిన విలియం మోరిస్ 1913లో తన మొదటి కారుకి పెట్టిన పేరే ఈ ఆక్స్‌ఫర్డ్, తర్వాత కూడా అదే పేరుతో చాలా మోడళ్లు వచ్చాయి. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ అంతకుముందు ల్యాండ్‌మాస్టర్ చేసేది, అది సిరీస్ 2. ఆ వెనకే 1950ల చివర్లో సిరీస్ 3 వచ్చి అంబాసిడర్ అయింది.

అక్కణ్నుంచి మాత్రం దారులు వేరయ్యాయి. బ్రిటన్‌లో సిరీస్ 3 మూడేళ్లు ఉంది, 1959లో ఆపేశారు. ఇక్కడ 2014 మే వరకూ నడిచింది. పెట్రోల్ ఇంజన్‌తో మొదలై, 1980కల్లా డీజిల్ వచ్చింది, తర్వాత ఇసుజు ఇంజన్ వచ్చింది, స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డు కిందికి దిగింది, ముందు గ్రిల్ ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు. పైన గుండ్రటి కప్పు, తలుపుల ఆకారం మాత్రం కౌలీవే. విడిభాగాలు ఇక్కడే తయారయ్యాయి, ఏ పల్లెటూరి మెకానిక్ అయినా దాన్ని విప్పి బిగించగలిగాడు. నా లెక్కలో అది మన కారే. యాభై ఏళ్లకు పైగా మన రోడ్ల కోసం మన వాళ్లు మార్చుకుంటూ వచ్చిన బండిని పేరు మార్చిందంతే అనడం ఉత్తరపారాలో పని చేసినవాళ్లకి అన్యాయం. ఈ మాట మీ ఫ్రెండ్‌కి చెప్పండి.

ప్రశ్న: ఆఫీసు పని మీద మూడు రోజులు లండన్ వెళ్తున్నాను. ఒక పూట ఖాళీ దొరుకుతుంది. పాత బ్రిటిష్ కార్లంటే ప్రాణం. గేడన్ వెళ్లి రావచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఒక పూటలో వద్దండి, రానూపోనూ ప్రయాణానికే సరిపోతుంది, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. సౌత్ కెన్సింగ్టన్‌లోని సైన్స్ మ్యూజియానికి వెళ్లండి, ప్రవేశం ఉచితం. అక్కడ రోవర్ వాళ్ల జెట్ 1 ఉంది. విమానాల్లో వాడే తరహా గ్యాస్ టర్బైన్‌తో నడిచిన మొదటి కారు, 1950లో తయారైంది. అడుగున అంతా మామూలు రోవర్ కారే, పైన కప్పు ఉండదు, గాలి పీల్చుకోవడానికి పక్కల రంధ్రాలు, పొగ పైకి పోవడానికి వెనక మూతల్లాంటివి కనిపిస్తాయి. బాగా తాగేది కాబట్టి అమ్మకానికి రాలేదు. ముందు నుంచి చూసి వచ్చేయకండి, వెనక్కి తిరిగి వెళ్లి ఆ మూతలు చూడండి.