స్టోమా సంచి ఉన్నా దాంపత్య జీవితం సాధ్యమే

ప్రశ్న: మా వారి వయసు 46. పురీషనాళ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి, శాశ్వత కొలోస్టమీ సంచి (పొట్ట మీద మలం చేరే సంచి) పెట్టి 8 నెలలైంది. సంచి ఊడుతుందని, వాసన వస్తుందని ఆయన వేరే గదిలో పడుకుంటున్నారు. దానికి నా శరీరం తగిలితే నొప్పి పుడుతుందేమోనని నాకూ భయమే. అంగస్తంభన కూడా సరిగా ఉండడం లేదంటున్నారు. మేము మళ్లీ కలవవచ్చా?

జవాబు: కలవవచ్చు. మలద్వారం తొలగించిన చోట గాయంతో సహా అన్నీ మానాయని సర్జన్ చెప్పి ఉంటే, సంచి దాంపత్యానికి అడ్డు కాదు. అయితే మీ ప్రశ్నలో రెండు వేర్వేరు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది సంచి గురించిన బెంగ. స్టోమా అంటే పొట్ట మీదికి తెచ్చి కుట్టిన పేగు కొస. అది ఎర్రగా, తడిగా పుండులా కనిపించినా, తాకితే నొప్పి తెలిసే నాడులు దానికి లేవు కనుక మీ శరీరం మెల్లగా ఆనినంత మాత్రాన హాని జరగదు. లోపలికి మాత్రం ఏదీ చొప్పించకూడదు. ముందుగా సంచి ఖాళీ చేసి, దాని అంచు చర్మానికి అంటుకుని ఉందో లేదో వేలితో చుట్టూ తడిమి చూసుకుని, సంచిని మడిచి మెత్తటి నడికట్టు కట్టుకుంటే ఊడుతుందన్న భయం చాలావరకు పోతుంది. విసర్జన ఏ వేళలో తక్కువగా ఉంటుందో ఇప్పటికి ఆయనకు తెలిసే ఉంటుంది. ఆ సమయానికి చిన్న సంచి వాడుకోవచ్చు. ఇద్దరూ పక్కకు తిరిగి పడుకుంటే పొట్ట మీద బరువు పడదు. ఆయనకు ఇష్టమైతే సంచి మార్చుకునేటప్పుడు పక్కనే ఉండండి. మీరు చూసి ముఖం తిప్పుకోలేదన్న నమ్మకం ఆయనకు ఎంతో అవసరం.

రెండోదైన అంగస్తంభన సమస్యను బెంగ కిందే జమకట్టేసి ఊరుకోవడం సరికాదు. అంగస్తంభనకు, స్ఖలనానికి తోడ్పడే సన్నని నాడులు పురీషనాళాన్ని ఆనుకునే వెళ్తాయి. ఆపరేషన్ వల్ల గానీ, రేడియేషన్ ఇచ్చి ఉంటే దానివల్ల గానీ అవి దెబ్బతినవచ్చు. కోలుకోవడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పట్టవచ్చు. కొందరిలో పూర్తిగా కోలుకోకపోవచ్చు కూడా. వీర్యం బయటికి రాకపోయినా తృప్తి కలగవచ్చన్న సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. ఎదురుచూస్తూ కాలం గడపకుండా ఇప్పుడే యూరాలజిస్టును కలవండి. సిల్డెనఫిల్ వంటి మాత్రలు, అవి పనిచేయకపోతే వాక్యూమ్ పరికరం, ఇంజెక్షన్లు ఉన్నాయి. ఆ మాత్రలను సొంతంగా కొని వాడవద్దు. గుండె జబ్బుకు నైట్రేట్ మందులు వాడేవారు ఇవి వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. డిశ్చార్జి కాగితాలు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ తీసుకుని ఇద్దరూ కలిసే వెళ్లండి.