పండ్లతో దెయ్యాల డెజర్ట్: కళ్ళు కుదిరితే చాలు

పిల్లల పార్టీకి, ఓవెన్ అవసరం లేకుండా, చూడగానే జడుసుకునేలా ఉండే పండ్ల డెజర్ట్ ఏదైనా చెప్పమని అడిగారు. పోయినసారి పెట్టిన జెల్లీ గడ్డకట్టలేదని, ఈసారీ అలాగే అవుతుందేమోనని టెన్షన్‌గా ఉందని కూడా రాశారు. ముందు ఆ జెల్లీ సంగతి తేల్చేద్దాం, ఆ దెబ్బ నేనూ తిన్నాను.

మా పాప పుట్టినరోజుకి ‘రాకాసి బురద’ అని పేరు పెట్టి, ఆకుపచ్చ జెల్లీలో తాజా కివీ ముక్కలు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. పొద్దున గిన్నె కాస్త వంచితే మొత్తం సూప్‌లా ఒక పక్కకి జారిపోయింది. పొడి తక్కువైందేమోనని ఇంకో ప్యాకెట్ కలిపాను. మళ్ళీ అంతే. (పిల్లలకి మాత్రం అది అసలు సిసలు బురదలా ఉందని తెగ నచ్చేసింది, అది వేరే విషయం.) కారణం తర్వాత తెలిసింది. తాజా కివీ, అనాస, బొప్పాయి, అంజూర పండ్లలో ప్రోటీన్‌ని ముక్కలు చేసే ఎంజైములుంటాయి. మామూలు జెల్లీని గడ్డకట్టించే జెలటిన్ అంటేనే ప్రోటీన్. అది గట్టిపడే లోపే ఇవి దాన్ని తెంచేస్తుంటే ఇక ఎన్ని ప్యాకెట్లు పోసినా లాభం లేదు. డబ్బాలో వచ్చే అనాసతో ఈ గొడవ ఉండదు. డబ్బాలో పెట్టేటప్పుడు తగిలే వేడికే ఆ ఎంజైము పనికిరాకుండా పోతుంది. మీరు ఏ పండు వేశారో రాయలేదు కానీ, వీటిలో ఒకటి ఉండే ఉంటుందని నా అనుమానం.

అప్పటి నుంచి నేను అగర్ అగర్‌కి మారిపోయాను, చైనా గ్రాస్ అంటారే, అదే. సముద్రపు నాచు నుంచి తీస్తారు, ప్రోటీన్ కాదు కాబట్టి పై పండ్లేవీ దాన్ని ఏమీ చేయలేవు. గది వేడిలోనే గడ్డకడుతుంది కూడా.

ఇక డెజర్ట్. నా ఓటు నెత్తుటి జెల్లీలో కనుగుడ్లకే. గుమ్మడికాయ బొమ్మలు, సాలీళ్ళు, సమాధులు అన్నీ ఒకే ప్లేట్లో పెట్టి చూశాను, ముద్దొచ్చాయి తప్ప ఎవరూ భయపడలేదు. ఒక్క కన్ను సరిగ్గా మన వైపు చూస్తుంటే చాలు.

కనుగుడ్డుకి లీచీని మించింది లేదు. తాజావైతే తొడిమ వైపు చిన్న గాటు పెట్టి గింజ తీయాలి, ఎంత జాగ్రత్తగా తీసినా నాలుగింటిలో ఒకటి చిరుగుతుంది. డబ్బా లీచీకి గింజ తీసి గుంట సిద్ధంగా ఉంటుంది, ఈ పనికి అదే మేలు. కాకపోతే పాకం మొత్తం కారిపోవాలి. జల్లెడలో అరగంట వదిలేసి, తర్వాత ఒక్కోదాన్నీ లోపలా బయటా టిష్యూతో అద్దండి. విసుగు పుట్టించే పనే, కానీ తడి ఉంటే లోపల పెట్టింది జారిపోతుంది, పైన గీసింది చెరిగిపోతుంది.

గుంటలో పావు చెంచా ఎర్ర జామ్ పెట్టి, దాని మీద బ్లూబెర్రీని నొక్కండి. బ్లూబెర్రీకి ఒక వైపు చిన్న కిరీటం ఉంటుంది కదా, అది లోపలికి వెళ్ళాలి, నున్నటి వైపు బయటికి. జామ్ జిగురులా పట్టుకుంటుంది. అంతకంటే ముఖ్యంగా, లీచీ కండ కాస్త పారదర్శకంగా ఉంటుంది కాబట్టి లోపలి ఎరుపు బయటికి కనిపిస్తుంది, నిద్రలేని కంటికి ఎర్రజీర వచ్చినట్టు. ఇంకా కావాలంటే అదే జామ్‌ని చుక్క నీటితో పలచన చేసి, పళ్ళపుల్లతో నరాలు గీయండి. మూడు నాలుగు చాలు. ఎక్కువ గీస్తే కన్ను పోయి మామూలు ఎర్ర ఉండ మిగులుతుంది.

జెల్లీకి పావు కిలో పైచిలుకు స్ట్రాబెర్రీలు మిక్సీ పట్టి వడగట్టండి. ఒక కప్పు రసం రావాలి, తగ్గితే నీళ్ళతో సర్దండి. ఇంకో కప్పు నీళ్ళలో ఒకటిన్నర చెంచా అగర్ పొడి, నాలుగు పెద్ద చెంచాల పంచదార వేసి, కలుపుతూ రెండు నిమిషాలు బాగా మరగనివ్వండి. ఇక్కడ తొందరపడితే అగర్ కరగక ఇసుకలా తగులుతుంది. దించాకే రసం కలపాలి, పులుపుతో కలిపి మరిగిస్తే అగర్ పట్టు తగ్గుతుంది. రసం ఫ్రిజ్‌లోంచి తీసిందై ఉండకూడదు. నేను ఒకసారి చల్లటిది పోసేశాను, గరిటె తిప్పుతుండగానే ఉండలు కట్టింది. గ్లాసుల్లోనే తినేదైతే ఈ కొలత చాలు, బోర్లించాలంటే అగర్ రెండు చెంచాలు వేయండి.

గ్లాసుల్లో ముప్పావు వంతు వరకు పోసి ఆగండి. మిగిలిన జెల్లీ గిన్నెని వేడి నీళ్ళలో కూర్చోబెట్టండి, లేకపోతే అదీ గడ్డకడుతుంది. పోసిన పొర వేలితో తాకితే నిలబడుతూ, కొంచెం అంటుకుంటున్నట్టు ఉన్నప్పుడు కళ్ళు పైకి చూసేలా పెట్టి, చుట్టూ పలచగా మిగతాది పోయండి. మొదటిసారి నేను అన్నీ ఒకేసారి వేస్తే కళ్ళు తలో దిక్కు తిరిగిపోయాయి, ఒకటైతే అడుగున గోడకేసి చూస్తూ ఉండిపోయింది. అలాగని మొదటి పొర పూర్తిగా చల్లారేదాకా ఆగినా తప్పే, రెండు పొరలూ విడివిడిగా జారతాయి.

ఇదంతా ఎక్కువనిపిస్తే అరటి దెయ్యాలున్నాయి. అరటిపండుని అడ్డంగా సగానికి కోసి పుల్ల గుచ్చి ఫ్రీజర్‌లో పెట్టి, కరిగించిన వైట్ చాక్లెట్‌లో ముంచి, గట్టిపడే లోపే చాకో చిప్స్‌తో కళ్ళు పెట్టేయడమే. చాక్లెట్ గిన్నెలో ఒక్క నీటి చుక్క పడినా ముద్ద కట్టేస్తుంది, ఆవిరి మీద కరిగిస్తే మరీ జాగ్రత్త. యాపిల్ ముక్కలతో కోరలు చేస్తారు కానీ, నిమ్మరసం రాసినా కాసేపటికి గోధుమరంగు తిరుగుతాయి, నాకు పెద్దగా నచ్చలేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. ఐదేళ్ళ లోపు పిల్లలుంటే వాళ్ళకి గుండ్రటి కన్ను ఇవ్వొద్దు. లీచీ, ద్రాక్ష లాంటివి గొంతులో సరిగ్గా అడ్డం పడే సైజులో ఉంటాయి. వాళ్ళ గ్లాసుల్లో నిలువుగా నాలుగు ముక్కలు చేసి వేయండి, పైన అరటి దెయ్యం పుల్ల తీసేసి పడుకోబెట్టండి, వెలితి అనిపించదు. పొగ కోసం డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) వేయమని సలహాలు వస్తాయి. దాని చలి మైనస్ 78 డిగ్రీలు, నోట్లో పడితే కాలినట్టే పుండవుతుంది. పిల్లల పార్టీకి నేనైతే తేను.

జెల్లీ ముందు రోజు రాత్రి చేసేయొచ్చు, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాటికి పైన కాస్త ఎర్రటి నీరు ఊరుతుంది, అగర్ గుణమే అది. తుడవకండి, కళ్ళ చుట్టూ నెత్తురు చేరినట్టు అందంగా ఉంటుంది. ఇంత చెప్పాక కూడా కివీ కావాలని పిల్లలు పట్టుబడితే ఇందులో నిక్షేపంగా వేయండి, ఏమీ కాదు.