డాలరు స్టేషను: అల్లుడికి ఉత్తరం

అల్లుడూ,

మీ ఊరి పాత రైలు స్టేషను ఫోటోలు అందాయి. కళ్ళజోడు మార్చుకుని మరీ ఒక్కొక్కటే పెద్దది చేసి చూశాను. పట్టాల వైపు గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన మూడు పలకల కిటికీ ఉంది చూడు, అది ఏజెంటు, అంటే మన స్టేషను మాస్టరు లాంటివాడు, కూర్చునే చోటు. కుర్చీలోంచి లేవకుండా అటు వచ్చే బండీ, ఇటు పోయే బండీ కనబడాలని అలా కట్టేవాళ్ళు. మీ తాతయ్య ఉంటే ముందు అక్కడికే వెళ్ళి కూర్చునేవాడు.

రైల్వే కంపెనీ డాలరుకే ఇస్తానంటోందనీ, మీ ఊరి కమిటీ రైలు మ్యూజియం పెడదామంటోందనీ, నీకేం తోస్తుంది మావయ్యా అనీ రాశావు. ఏనుగు ఊరికే వస్తోందంటే ఎవరికైనా సంబరమే, మేత సంగతి మర్నాడు గుర్తొస్తుంది. ఈ అమెరికాలో ముప్పై ఏళ్ళు పాత కట్టడాల మరమ్మతుల్లోనే గడిపినవాణ్ణి కాబట్టి చెబుతున్నా: తీసుకోండి. కానీ మ్యూజియం మాట ఇప్పుడే ఎత్తకండి. రోజూ పొద్దున్నే వచ్చి తాళం తీసే మనిషి ఎవరో ముందు తేల్చుకోండి.

గుంతకల్లు వైపు మీటరు గేజి మీద మీ తాతయ్య పనిచేసిన స్టేషను మీ అమ్మకి గుర్తుండే ఉంటుంది, అడుగు. రోజుకు నాలుగు బళ్ళు. అయినా పొద్దున్నుంచీ జనమే. ఒకడు పేపరు కట్ట కోసం, ఒకడు పార్సిలు కోసం, ఇంకొకడు టెలిగ్రాం కోసం, ఏ పనీ లేనివాడు కుండలో చల్లని నీళ్ళ కోసం. లైను బ్రాడ్‌గేజి చేసినప్పుడు స్టేషను అర మైలు అవతలికి మారింది. పాతదాన్ని ఎవరూ పడగొట్టలేదు. మొదట తలుపులు పోయాయి, తరవాత పెంకులు, ఆ తరవాత దూలాలు. చివరిసారి నేను వెళ్ళేసరికి సిమెంటు బెంచీ, వేపచెట్టూ మిగిలాయి. ఆ బెంచీ మీద మాత్రం నలుగురు కూర్చుని ఉన్నారు.

ఇక్కడా అదే కథ, కాకపోతే లెక్కలు పెద్దవి. 1971 మే 1న, దేశమంతటా ప్యాసింజరు బళ్ళు నడిపే ఆమ్‌ట్రాక్ సంస్థ మొదలైన రోజే, అప్పటిదాకా నడుస్తున్న ప్యాసింజరు బళ్ళలో దాదాపు సగం ఆగిపోయాయి. మా ఒహాయోలో సిన్సినాటి యూనియన్ టెర్మినల్ స్టేషనును నీకు చూపించాను కదా, ఆ అర గుమ్మటం కప్పు కింద నీ కొడుకు కేకలేసి ప్రతిధ్వని విన్నాడు. 1933లో తెరిచినప్పుడు రోజుకు 216 బళ్ళు పట్టేలా కట్టారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదట. 1972లో చివరి బండి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు సరుకు బళ్ళకు దారి కావాలని, ప్లాట్‌ఫారాల మీది పొడుగాటి హాలును పడగొట్టేశారు. ఆ హాలు గోడల మీద ఈ ఊరి ఫ్యాక్టరీల్లో చెమటోడ్చే కూలీల మొజాయిక్ చిత్రాలు 14 ఉండేవి. జనం చందాలేసుకుని పోరాడితే వాటిని గోడలతో సహా కోసి విమానాశ్రయానికి తరలించారు. ప్రపంచ పటం మొజాయిక్ ఒకటుండేది, అది మాత్రం దక్కలేదు.

మిగిలిన భవనాన్ని ఊరు కొన్నది. 1980లో అందులో షాపింగ్ మాల్ తెరిచారు. మొదట్లో జనం ఎగబడి వచ్చారు. ఎందుకు రారు, అంత అందమైన కప్పు. కానీ అందం చూడ్డానికి ఒకసారి వస్తారు, చొక్కా కొనడానికి ఇంటి దగ్గరి కొట్టుకే పోతారు. ఐదేళ్ళు తిరక్కుండా మాల్ మూతపడింది. 1986లో జిల్లా జనం తమ మీద పన్ను తామే వేసుకోవడానికి ఓటేశారు. 1990లో ఇప్పటి మ్యూజియం వచ్చింది, మరుసటి ఏడు రైలు కూడా తిరిగొచ్చింది. అక్కడితో అయిపోలేదు. గోడల వెనక చేరిన నీరు లోపలి ఉక్కును తినేస్తుంటే 2014లో మళ్ళీ ఓటు, మళ్ళీ పన్ను. 2018లో పని పూర్తయ్యేసరికి ఖర్చు 20 కోట్ల డాలర్లు దాటింది.

"మరి అదీ మ్యూజియమే కదా మావయ్యా" అంటావు. అవును, దాని వెనక ఒక జిల్లా మొత్తం పన్ను కట్టింది. మీ ఊళ్ళో ఎన్ని గడపలున్నాయి?

మీ కమిటీ వాళ్ళు నాకు పరాయివాళ్ళేం కాదు, అలాంటివాళ్ళతోనే నా వయసంతా గడిచింది. మంచివాళ్ళు, అందరూ డెబ్బై దాటినవాళ్ళు. మొదటి ఏడాది వారానికి నాలుగు రోజులు తెరుస్తారు. మూడో ఏటికి ఆదివారం మధ్యాహ్నం మాత్రమే. ఐదో ఏట తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుక్కోవాలి. రైలు చరిత్ర కావాలంటే ఏజెంటు గది ఒక్కటి దానికి వదలండి. మిగతా భవనంలో రోజూ పని జరగాలి. సెయింట్ లూయీ యూనియన్ స్టేషను చూడు: 1985లో హోటలూ, దుకాణాలూ పెట్టి తెరిచారు, దుకాణాలు వాడిపోయాయి, హోటల్ నిలబడింది. ఇండియానాపొలిస్‌లో 1986లో తెరిచిన బజారు 1997కల్లా మూతపడింది. మీది చిన్న ఊరు, హోటల్ అక్కర్లేదు. పళ్ళ డాక్టరో, కాఫీ కొట్టో, ఊరి లైబ్రరీ శాఖో చాలు. లైబ్రరీ దొరికితే మాత్రం వదలొద్దు, అద్దె తక్కువైనా సరే.

ఇంక డాలరు సంగతి. ముందు కాగితాలు. రైల్వే ఇచ్చేది చాలాసార్లు క్విట్ క్లెయిమ్ డీడ్. "దీని మీద నాకేమైనా హక్కుంటే అది నీది, లేకపోతే నన్నడగొద్దు" అని దాని భావం. కట్టడం ఒకరిది, కింద నేల ఇంకొకరిది కావచ్చు. ఆస్తి ఎవరిదో పాత దస్తావేజుల్లో వెతికే టైటిల్ సెర్చి చేయించకుండా డాలరు కూడా ఇవ్వొద్దు. నేల కూడా పరీక్ష చేయించు. బొగ్గు బూడిద, స్లీపర్లకు పట్టించిన క్రియోసోటు అనే తారు నూనె, గడ్డి చావడానికి చల్లిన ఆర్సెనిక్ మందులు, కిటికీలకు సీసం రంగు, ఇవన్నీ పాత స్టేషన్ల ఆస్తి. పక్కన సరుకు బళ్ళు ఇంకా తిరుగుతున్నాయన్నావు. అయితే కంచె, బీమా అడుగుతారు. ఒక్కోసారి భవనాన్నే అక్కణ్ణుంచి జరుపుకోమంటారు. జరిపిన కట్టడాలను నేషనల్ రిజిస్టర్‌లో, అంటే దేశంలోని చారిత్రక కట్టడాల జాబితాలో, మామూలుగా చేర్చరు, గుర్తుంచుకో. ఒప్పందంలో ఆ షరతు ఉంటే నాకు పంపించు, చూస్తాను.

రిజిస్టర్‌లో ఎక్కితే ఇక ఎవరూ పడగొట్టలేరని మీ కమిటీలో ఎవరో అన్నారన్నావు. అది పొరపాటు. సొంతదారు తన డబ్బుతో పడగొడతానంటే రిజిస్టర్ అడ్డుపడదు. అడ్డుపడేది మీ ఊరు చేసుకున్న చట్టమే. రిజిస్టర్ వల్ల లాభం వేరు: భవనం ఆదాయం తెచ్చేదైతే మరమ్మతు ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్నులో తగ్గింపు వస్తుంది, ఐదేళ్ళకు పంచి ఇస్తారు. అద్దెకిచ్చే ఆలోచన చెప్పింది ఇందుకు కూడా. అయితే పనికి ముందే దరఖాస్తు పెట్టాలి, వాళ్ళ పద్ధతిలో చేయాలి. ఉత్సాహం ఆగక మొదలుపెట్టేసి, తరవాత కాగితాలు పట్టుకుని తిరిగినవాళ్ళను చాలామందిని చూశాను.

ఆ ఉత్సాహం గురించే ఒక మాట. మా ఒహాయోలోనే ఒక ఊరివాళ్ళు నన్ను పిలిచేసరికే పని సగం చేసేశారు. బయట ఇటుకలు తళతళా మెరుస్తున్నాయి. ఇసుక కొట్టి మురికి వదలగొట్టారట, ఇటుకల సందుల్లో గట్టి సిమెంటు నింపారట. నాకు కడుపులో తిప్పింది. వందేళ్ళ నాటి ఇటుక మెత్తటిది, దాని పై చర్మమే దాని బలం. సందులో ఉండాల్సింది ఇటుక కంటే మెత్తటి సున్నం. మన అమ్మమ్మగారి ఇంటికి గానుగ సున్నం వాడారే, అలాంటిదన్నమాట. తేమ ఆ సున్నంలోంచి బయటికి పోతుంది. గట్టి సిమెంటు పెడితే తేమకు దారి లేక ఇటుకలోనే ఉండిపోయి, చలికాలంలో గడ్డకట్టి, ఇటుక మొహం పెచ్చులుగా రాలిపోతుంది. రెండు చలికాలాలకే ఆ గోడ మశూచి వచ్చినట్టయింది. వెళ్ళినప్పుడు నీ బొటనవేలి గోరుతో ఆ సందు గీకి చూడు. పొడి రాలితే సున్నం, అది అదృష్టం. గోరు విరిగితే నాకు చెప్పు.

రంగూ, ఇటుకా, బోర్డూ అన్నీ తరవాత. మొదటి డాలరు కప్పు మీద పెట్టు. మీ స్టేషను చూరు చాలా వెడల్పు, వాన నీటి కాలువ ఆ చూరులోపలే దాచి కట్టి ఉంటుంది. కిందనుంచి కనపడదు. దాని రేకు చిల్లుపడితే నీరు చూరును మోసే కొయ్య బ్రాకెట్లలోకి దిగుతుంది. కింద నిలబడి చూరు అంచున నల్లటి చార కోసం వెతుకు, మూడో ఫోటోలో ఎడమ వైపు నాకు ఒకటి కనబడింది. డబ్బు పోగయ్యేదాకా భవనాన్ని మూసి ఉంచాల్సి వస్తే కిటికీలకు ప్లైవుడ్ కొట్టండి, కానీ గాలి ఆడేలా కంతలు వదలండి. ఊపిరాడకుండా మూస్తే బూజు లోపల్నుంచి తినేస్తుంది. ఎలా మూయాలో నేషనల్ పార్క్ సర్వీసు వాళ్ళ చిన్న పుస్తకం ఉంది, 31వ నంబరు, ఊరికే దొరుకుతుంది. ఇలా మూసి పదేళ్ళు ఆగడం ఓటమేం కాదు. డెట్రాయిట్ మిచిగన్ సెంట్రల్ 1988లో మూతపడింది, 2009లో పడగొట్టాలని సిటీ కౌన్సిల్ తీర్మానం కూడా చేసింది. 2018లో ఫోర్డు కొని, 2024లో తెరిచింది.

ఆ ఫోర్డు కొన్నదన్న వార్త రాగానే, ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందట స్టేషను గడియారం ఎత్తుకెళ్ళిన మనిషి, పేరు చెప్పకుండా ఫోనుచేసి, ఫలానా పాడుబడ్డ భవనం దగ్గర ఆనించి పెట్టాను, తీసుకెళ్ళండి అన్నాడు. మీ స్టేషను బెంచీలు, ఊరి పేరున్న పలక, టికెట్ కిటికీ ఇనప చువ్వలు, అన్నీ మీ ఊరి గ్యారేజీల్లోనే ఎక్కడో ఉంటాయి. తెచ్చిచ్చినవాళ్ళను ఏ ప్రశ్నా అడగబోమని ఒక కాగితం రాసి కాఫీ కొట్టులో అతికించు.

ఆదివారం మీ వైపు వాన ఉందంటున్నారు. గొడుగూ, టార్చిలైటూ పట్టుకుని వెళ్ళి, వాన మొదలైన గంట తరవాత లోపల నిలబడు. నీళ్ళు పడే ప్రతిచోటా నేల మీద సుద్దముక్కతో గుండ్రం గీసి ఫోటో తీసి పంపు. చెప్పులు వద్దు, బూట్లు వేసుకో, మేకులుంటాయి. పిల్లాణ్ణి మాత్రం తీసుకెళ్ళకు.

మీ మావయ్య