వారానికి 600లో మన దగ్గర పండిన కూరలు
నలుగురికి వారానికి 600లో హైదరాబాదు చుట్టుపక్కల పండిన కూరలే తినడం కుదురుతుందా అని అడిగారు కదండీ. కుదురుతుంది, కాకపోతే బ్రోకలీ మర్చిపోండి. మేము ఎర్రగడ్డ రైతుబజారుకి వెళ్తాం. ఆ రోజు ధరలు బోర్డు మీద ఉంటాయి, అవి చూసుకున్నాకే సంచి తెరవండి. చీకటి పడే వేళకి ఆకుకూరలు మిగిలితే రెండు కట్టలు కలిపి ఇచ్చేస్తారు. వేళ్ల దగ్గర జిగురుగా ఉన్న కట్ట మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. తోటకూర కాడలు పారేయకండి, పులుసులోకి భలే ఉంటాయి. చలికాలం చిక్కుడు, ఎండాకాలం మామిడికాయ పప్పు. టమాటా ధర మండిపోతే గోంగూర ఉందిగా! మునగాకు అయితే నేనెప్పుడూ కొన్న పాపాన పోలేదు, పక్కింటివాళ్ల చెట్టుదే.