కోడలి మాట సరే, ఆయన కాఫీ సంగతేంటి?

ప్రశ్న: నాకు 66 ఏళ్ళు. గవర్నమెంటు స్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. మావారికి 71, బ్యాంకులో చేశారు. నల్లకుంటలో కొడుకు, కోడలు, మనవడితో కలిసి ఉంటున్నాం. ఏడాదిగా సాయంత్రాలు పార్కులో నా ఈడు ఆడవాళ్ళతో కలుస్తున్నాను. పద్యాలు, పాత పాటలు పాడుకుంటాం, నవ్వుకుంటాం. మా వాచ్‌మన్ పిల్లలిద్దరికీ సెల్లార్‌లో కూర్చోబెట్టి వేమన పద్యాలు నేర్పుతున్నాను. ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను. కానీ కోడలు "అత్తయ్యా, ఇవాళ కూడా వెళ్తున్నారా?" అంటుంది. మామయ్యగారు టీవీ సౌండ్ పెంచేస్తున్నారని విసుక్కుంటుంది. మావారు ఏమీ అనరు. పెళ్ళిళ్ళకు రావడం కూడా మానేశారు. ఫ్లాస్కులో కాఫీ పోసి వెళ్ళినా నేను వచ్చేదాకా తాగరు. ఈ వయసులో ఇంత సరదా తప్పా? కోడలికి ఎలా నచ్చజెప్పాలి? మా పార్కు వాళ్ళంతా యాదగిరిగుట్ట వెళ్దామంటున్నారు, వెళ్ళాలా వద్దా?

జవాబు: తప్పు కాదు. ఈ ప్రశ్నకు ఇంతకంటే జవాబు అక్కర్లేదమ్మా. ఉద్యోగం చేసి, సంసారం ఈది, పిల్లాణ్ణి ప్రయోజకుణ్ణి చేసిన మనిషి నవ్వడానికి పర్మిషన్ అడగడమేంటి?

కోడలి విషయం కూడా త్వరగా తేల్చేద్దాం. మీరు రాసినదాంట్లో ఆమె అన్నవి రెండే మాటలు. "ఇవాళ కూడా వెళ్తున్నారా" అన్నది ఎత్తిపొడుపు కావచ్చు. పిల్లాడి స్కూల్ బస్సు వచ్చే వేళకి ఇంట్లో ఎవరుంటారో తెలుసుకోవడానికీ అడిగి ఉండొచ్చు. రెండోదే అయ్యుంటుందని నాకనిపిస్తోంది. ఏయే రోజుల్లో వెళ్తారో, ఎన్నింటికి వస్తారో ఆమెతో కూర్చుని ముందే మాట్లాడుకోండి. దానికి నచ్చజెప్పడం అనేంత పెద్ద మాట ఎందుకు?

నేను ఆగిపోయింది కాఫీ దగ్గర. కోడలి మీద ఫిర్యాదుల మధ్య ఆయన్ని అలా విసిరేసినట్టు పెట్టారు గానీ, మీ ఉత్తరం మొత్తం ఆయన గురించే. ఏమీ అనని మనిషి, పక్కనే వేడి కాఫీ ఉన్నా ముట్టకుండా కూర్చున్నాడంటే ఏం అంటున్నట్టో మన ఇళ్ళలో ఎవరికి తెలియదు? మీరు గుమ్మంలో చెప్పులు విడుస్తూ మొహంలో నవ్వు సర్దేసుకుంటారు. చేతిసంచి కూడా కింద పెట్టకుండా వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగిస్తారు. ఆయన గ్లాసు అందుకుంటారు, మీరు పార్కు ఊసెత్తరు. కాదనండి చూద్దాం.

నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను, కోపం తెచ్చుకోకండి. భర్తకు వేళకి కాఫీ ఇవ్వడం మీకిష్టమైతే ఇవ్వండి. ఆయన అలక మాత్రం మీ డ్యూటీ కాదు. పోస్టాఫీసుకెళ్ళి పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకొచ్చినంత ముభావంగా పార్కు నుంచి ఇంటికి వస్తే, అక్కడేదో చేయకూడని పని చేసొచ్చారని ఆయనా అనుకుంటారు, కొన్నాళ్ళకి మీరూ అనుకుంటారు. ఇప్పటికే అనుకుంటున్నారు, అందుకే నాకు రాశారు. పార్కులో స్నేహితురాళ్ళకీ, సెల్లార్‌లో పిల్లలకీ పంచి పెడుతున్న సంతోషంలో నుంచి ఇంట్లో మనిషికి ఒక్క ముక్కయినా పెట్టారా?

అలాగని తప్పంతా మీదే అనడం లేదు, ఆయనదనీ అనను. టీవీ సౌండ్ పెంచుతున్నారు, పెళ్ళిళ్ళకు రావడం మానేశారు. ఈ రెండూ కలిపి చూడండి. ఆయనకి సరిగ్గా వినబడుతోందా? వయసుతో పాటు వినికిడి తగ్గడం మొదలైనప్పుడు చాలామందికి అసలు వినబడకుండా పోదు. తెలుగు టీచరు కాబట్టి మీకు ఇట్టే అర్థమవుతుంది: అచ్చులు వినబడతాయి, స, ష, త లాంటి హల్లులు జారిపోతాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడారో తెలియదు. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు ఇంకా కష్టం. పెళ్ళిపందిట్లో బ్యాండు మోగుతుంటే ఇక చెప్పేదేముంది. పదిమందిలో "ఆఁ? ఏంటీ?" అని అడగడం నామోషీ అనిపించి మగవాళ్ళు చాలామంది ఇంట్లోనే ఉండిపోతారు. అప్పుడు వాళ్ళ లోకమంతా ఒక్క భార్యే అవుతుంది. ఆ భార్య సాయంత్రం బయటికి వెళ్తే కాఫీ చల్లారిపోతుంది.

కాబట్టి ముందు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. మీకు దగ్గర్లో కోఠీలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ఒక్కోసారి గులిమి గట్టిపడినా ఇలాగే ఉంటుంది, తీసేస్తే సరిపోతుంది. లేదంటే ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేస్తారు, నొప్పేమీ ఉండదు. చెవికి మిషన్ పెట్టుకోమంటే గొడవ చేస్తారు, అది ఖాయం. ఆ గొడవ కొడుకుని పడమనండి, మీరు మధ్యలోకి వెళ్ళకండి. చెవులు బాగానే ఉన్నాయని తేలి, నిద్రా ఆకలీ తగ్గి, దేనిమీదా ఆసక్తి లేకుండా రెండు వారాలు దాటిందంటే అది మనసుకు సంబంధించిన జబ్బు కావచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఈలోగా రేపటి నుంచే ఒక పని చేయండి. పార్కు నుంచి రాగానే వంటింట్లోకి వెళ్ళకండి. ఆయనకి ఎదురుగా, మీ మొహం కనబడేలా కూర్చుని, టీవీ ఆపి, ఇవాళ ఎవరు ఏ పద్యంలో ఏ పాదం మర్చిపోయారో, ఎందుకు అంత నవ్వొచ్చిందో చెప్పండి. అరవకండి, నిదానంగా చెప్పండి. మొదట్లో "ఊఁ" అంటారు. అననివ్వండి. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఏదైనా కార్యక్రమం ఉన్న సాయంత్రం ఆయన్ని లాక్కెళ్ళి ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి మీది జీరో టికెట్, ఆయన డబ్బులిచ్చి కొనుక్కోవాలి. దాని మీద కాసేపు సణుగుతారు. సణగడం కూడా మాట్లాడటమే కదా.

యాదగిరిగుట్ట అంటారా, వెళ్ళండి. ఆయన్నీ ఒకసారి రమ్మని అడగండి, బతిమాలకండి. రానంటే ఉప్పల్లో మీ వాళ్ళతో బస్సెక్కేయండి. ఆధార్ కార్డు మర్చిపోకండి. డికాక్షన్ వేసి పెట్టండి, పాలు ఎక్కడున్నాయో చూపించండి. ఫ్లాస్కులో మాత్రం పోసి వెళ్ళకండి.