అచ్చు ఇటుకలాగే కనిపించాలంటే: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గత సంచికలో అచ్చయిన ప్రకాశం బ్యారేజీ బొమ్మ ఫొటో కాదని, ఒక్క లెగో ఇటుకను (ఒకదానికొకటి బిగిసే ప్లాస్టిక్ ఆట ఇటుకను) కూడా ముట్టుకోకుండా కంప్యూటరులోనే పేర్చి, అందులోనే వెలుతురు పెట్టి తీసిన రెండర్ అని రాసిన తరువాత చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాను. ఒకే సందేహాన్ని నలుగురైదుగురు అడిగినచోట ఒకరి ఉత్తరాన్నే తీసుకున్నాను.

ప్రశ్న: మా వీధిలోని పాత పెంకుటింటిని లెగో ఇటుకలను తెరమీద పేర్చే స్టూడియో సాఫ్ట్‌వేరులో రెండు వేలకు పైగా ఇటుకలతో కట్టి రెండర్ తీశాను. రంగులు సరిగ్గానే ఉన్నాయి, ఒక్క ఇటుక కూడా వంకరగా లేదు. అయినా చూసిన ప్రతి స్నేహితుడూ అరక్షణంలో "ఇది కంప్యూటర్ బొమ్మ" అని చెప్పేస్తున్నాడు. లోపం ఎక్కడుంది?
(ఇంజనీరింగ్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: లోపం మీ ఉత్తరంలోనే ఉంది. ఒక్క ఇటుక కూడా వంకరగా లేదని రాశారు చూడండి, స్నేహితులు పట్టుకుంటున్నది దానినే. ఇంట్లో రెండు వరుసల్లో నాలుగేసి బొడిపెలున్న ఎర్ర లెగో ఇటుక ఉంటే, సాయంత్రం నాలుగున్నరకు కిటికీ దగ్గర వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా తిప్పండి. అంచుల వెంట వెంట్రుకవాసి తెల్లని మెరుపు పరుగెత్తుతుంది, ఎందుకంటే ఆ అంచు కత్తివాదరలాగా ఉండదు, కంటికి ఆననంతగా గుండ్రబడి ఉంటుంది. ప్రతి బొడిపె నెత్తినా సంస్థ పేరు ఉబ్బెత్తు అక్షరాలతో ఉంటుంది, ఏటవాలు వెలుతురులో వాటికి చిన్న నీడలు కూడా పడతాయి. పక్క గోడ అద్దంలా సమతలంగా ఉన్నట్టే అనిపిస్తుంది కానీ, అందులో కనిపించే కిటికీ ప్రతిబింబం సన్నగా అలలాడుతుంది. ఆపైన మీ బొటనవేలి జిడ్డు మరక, పాత ఇటుక అయితే నాలుగైదు గీతలు ఎలాగూ ఉంటాయి. కంప్యూటరు ఇచ్చే ఇటుకలో తనంతట తానుగా ఇవేవీ ఉండవు, మనమే చేర్చాలి.

అంచులతో మొదలుపెట్టండి. బ్లెండరు అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేరులో బెవెల్ (అంచులను గుండ్రం చేసే అమరిక) కొద్దిగా పెడితే చాలు, బొమ్మలో సగం ప్రాణం వస్తుంది. ఆ తరువాత సందులు. లెగో బొడిపెల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు కనుక నాలుగు బొడిపెల ఇటుక పొడవు లెక్కకు 32 రావాలి, కానీ అసలు ఇటుకను కొలిస్తే 31.8 ఉంటుంది. అటూ ఇటూ వదిలిన ఆ పదో వంతు మిల్లీమీటరు వల్లనే పక్కపక్క ఇటుకల మధ్య సన్నని చీకటి గీత కనిపిస్తుంది. కొన్ని భాగాల ఫైళ్లలో ఆ సందు ఉండదు, అప్పుడు మీ పెంకుటింటి గోడ మొత్తం ఒకే పోత పోసినట్టు కనిపిస్తుంది. సందు వచ్చాక ఒక్కొక్క ఇటుకను పావు డిగ్రీకి మించకుండా, ఒకదాన్ని ఇటు, ఒకదాన్ని అటు తిప్పండి. చేత్తో పేర్చిన ఏ గోడలోనూ రెండు ఇటుకలు ఒకే తీరున కూర్చోవు. ఆపైన పైపూతలో చాలా తక్కువ ఎత్తు గల బంప్ (ఎత్తుపల్లాలున్నట్టు భ్రమ కలిగించే అమరిక), రఫ్‌నెస్‌లో (మెరుపు ఎంత ఉండాలో చెప్పే అమరికలో) వేలిముద్రల మచ్చలు కలపండి. ఈ మచ్చల దగ్గరే కొత్తవారు చెయ్యి జారుతారు. గీతలు, దుమ్ము, మరకలు దండిగా దట్టించి ఇటుకలను పాత ఇనుపసామాను కొట్టులోంచి ఏరుకొచ్చినట్టు చేస్తారు. చూసేవాడికి మచ్చ ఉన్నట్టు అనిపించాలే తప్ప కనిపించకూడదు.

పైన చెప్పినవన్నీ చేసినా నప్పకపోతే కొలత చూడండి. ఇది నా మొదటి బ్యారేజీ బొమ్మలో జరిగింది కాబట్టి చెబుతున్నాను. లెగో భాగాల కంప్యూటరు భండారమైన ఎల్‌డ్రా ఫైళ్లలో ఒక ప్రమాణం 0.4 మిల్లీమీటరుకు సమానం, అంటే బొడిపెకూ బొడిపెకూ మధ్య 20 ప్రమాణాలు. నేను దిగుమతి చేసేటప్పుడు స్కేల్ చూసుకోకపోవడంతో బ్లెండరు ఆ ఒక్కొక్క ప్రమాణాన్నీ ఒక మీటరుగా తీసుకుంది. నా నాలుగు బొడిపెల ఇటుక 80 మీటర్ల పొడవైంది! కెమెరా దూరంగా జరిగింది కనుక తెరమీద తేడా తెలియలేదు. అయితే కెమెరా ఫోకస్ లోతు, ప్లాస్టిక్‌లోకి వెలుతురు ఇంకే దూరం, దీపం పరిమాణం ఇవన్నీ నిజమైన కొలతల మీదే ఆధారపడతాయి కాబట్టి బొమ్మ కొండంత కట్టడంలా, రాయిలా, ఎక్కడో ఏదో తప్పినట్టుగా తయారైంది. వారం రోజులు రంగులు మార్చుకుంటూ కూర్చున్నాను. బొడిపె దూరాన్ని 8 మిల్లీమీటర్లకు దించిన రోజున తెల్ల, పసుపు ఇటుకలలోంచి వెలుతురు కాస్త లోపలికి ఇంకినట్టు మెత్తదనం వచ్చింది, వెనకనున్న గేట్లు వాటంతట అవే మసకబారాయి. దగ్గరగా పెట్టి తీసిన చిన్న వస్తువు ఫొటోలో ముందూ వెనకా అన్నీ స్పష్టంగా ఉండవన్నది మన కళ్లకు ఫోన్ కెమెరాల పుణ్యమా అని బాగా అలవాటైన సంగతి.

ఇక వెలుతురు. మిట్టమధ్యాహ్నపు బెజవాడ ఎండలాంటి ఒంటి దీపాన్ని నెత్తిమీద పెట్టవద్దు. మీ గదిలోని కిటికీ ఎంతుందో అంత ఏరియా లైట్‌ను (పలకలా పరచుకున్న దీపాన్ని) బొమ్మకు ఒక పక్కన, రెండో పక్కన వెలుతురును తిప్పికొట్టే తెల్ల కాగితంలాంటి పలకను పెట్టి చూడండి. చాలామంది తెల్లని నేల, తెల్లని గోడ వేసి వదిలేస్తారు. నా మట్టుకు నాకు గీతలు పడిన ఒక చెక్కబల్ల బాగా నప్పుతుంది, ఎందుకంటే చెక్క చారలను చూసి కన్ను వెంటనే బొమ్మ పరిమాణాన్ని అంచనా కడుతుంది.

ప్రశ్న: ఈ సాఫ్ట్‌వేర్లకు ఎంత ఖర్చవుతుంది? ఏది ముందు నేర్చుకోవాలి?
(బ్యాంకు ఉద్యోగి, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: రూపాయి కూడా పెట్టకుండా మొదలుపెట్టవచ్చు. ఇటుకలను పేర్చడానికి, లెగో ఇటుకలు కొనే అమ్మే వెబ్‌సైటు బ్రిక్‌లింక్ వారి స్టూడియో ఉచితం. బ్రిక్‌లింక్‌ను 2019లో లెగో సంస్థే కొనుక్కుంది, తన పాత లెగో డిజిటల్ డిజైనరును 2022లో పక్కన పెట్టి అభిమానులను స్టూడియో వైపు మళ్లించింది. లైనక్స్ వాడేవారికి లియోక్యాడ్ ఉంది. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజరులోనే కట్టాలనుకునేవారికి మెకాబ్రిక్స్ ఉంది. వీటిలో స్టూడియో, లియోక్యాడ్ రెండూ ఆధారపడేది ఎల్‌డ్రా భాగాల భండారం మీదనే. దానిని 1995లో జేమ్స్ జెస్సిమన్ అనే ఆస్ట్రేలియా యువకుడు మొదలుపెట్టాడు. 1997లో అతడు చిన్న వయసులోనే చనిపోయినా, ప్రపంచం నలుమూలల అభిమానులు జీతం లేకుండా ఈనాటికీ ఒక్కొక్క భాగాన్నీ కొలిచి గీసి అందులో చేరుస్తూనే ఉన్నారు.

మొదటి రెండు నెలలు స్టూడియోలోనే కట్టి, అందులోనే ఉన్న ఫొటోరియల్ రెండరుతో తీయండి. దీపాల మీద, కెమెరా మీద ఇంకా అధికారం కావాలని మీకే అనిపించిన రోజున బ్లెండరుకు వెళ్లండి, అదీ ఉచితమే. మొదటి రోజే బ్లెండరు తెరిచి బెదిరిపోయి మానేసినవారు నాకు తెలిసినవారిలోనే ఉన్నారు.

ప్రశ్న: పదో తరగతి చదివే మా అబ్బాయి సెలవుల్లో రోజంతా ఇదే పని. అసలు ఇటుకల పెట్టె కొనమంటే ధర చూసి భయమేస్తోంది నిజమే, కానీ చేత్తో ముట్టుకోలేని బొమ్మ కోసం ఇంత సేపు కూర్చోవడం నాకు మింగుడుపడటం లేదు. దీనిలో నేర్చుకునేది ఏమైనా ఉందా?
(ఒక తల్లి, లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: ఉందమ్మా, అయితే ఒక షరతు మీద. తెరమీద ఇటుకకు బరువుండదు. బల్ల మీద అయితే వెంటనే కూలిపోయే గోపురం కంప్యూటరులో గాలిలో నిలబడుతుంది. రెండు ఇటుకలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయినా కొన్నిసార్లు మనకు తెలియదు, లెగో ఏనాడూ తయారు చేయని రంగులో ఒక భాగాన్ని వేసినా అడ్డు చెప్పేవారుండరు. కాబట్టి మీ అబ్బాయిని, కట్టిన ప్రతి బొమ్మకూ "దీనిని నిజంగా కట్టగలవా?" అని అడగండి. భాగం ఆ రంగులో దొరకకపోతే స్టూడియో హెచ్చరిస్తుంది, నిలకడను పరీక్షించే సదుపాయమూ అందులో ఉంది, ఏ భాగాలు ఎన్ని కావాలో జాబితా కూడా ఇస్తుంది. ఆ జాబితాలోంచి ఒక మూల, చెప్పాలంటే ఒక కిటికీ, దాని చుట్టూ ఉన్న గోడకు సరిపడా ముప్పై నలభై ఇటుకలు మాత్రం కొనిచ్చి కట్టించండి. తెరమీద కుదిరినది చేతిలో ఎక్కడ ఊడిపోతుందో చూసిన కుర్రవాడు మరుసటి రోజు నుంచి వేరేగా పేరుస్తాడు.

లెక్కలు కూడా వాటంతట అవే వస్తాయి. బ్యారేజీ బొమ్మలో మూడు గేట్లే ఎందుకని చాలామంది అడిగారు. బ్యారేజీ పొడవు దాదాపు 1223 మీటర్లు, గేట్లు 70. లెగో మనిషి బొమ్మ ఎత్తు సుమారు నాలుగు సెంటీమీటర్లు కనుక, దానికి తగినట్టు కట్టాలంటే నలభయ్యో వంతుకు దించాలి. అలా దించినా 30 మీటర్లకు పైనే వస్తుంది, అంటే వరుసగా 3800 బొడిపెలు! నిజంగా పేర్చాలంటే మీ వీధి చాలదు, కంప్యూటరులో పేర్చాలన్నా నా ఓపిక చాలదు. అందుకే మూడు గేట్లు.

పండగకు బొమ్మల కొలువు పెట్టే అలవాటు మీ ఇంట ఉంటే, మీ అబ్బాయి కట్టిన ఆ కిటికీ మూలను, దాని వెనక పూర్తి ఇంటి రెండరును పెట్టించండి. వచ్చిన పేరంటాళ్లు ఏది నిజమో కనుక్కోవడానికి కాసేపు తంటాలు పడతారు.

ప్రశ్న: మే నెలలో రెండర్ పెడితే లాప్‌టాప్ కాలిపోతున్నట్టు వేడెక్కి మధ్యలో ఆగిపోతోంది, కరెంటు పోతే చేసినదంతా పోతోంది. కొత్త కంప్యూటరు కొనాల్సిందేనా?
(పటమట, విజయవాడ)

జవాబు: ఇప్పుడే కొనవద్దు. చిత్రంలో చుక్కచుక్కలుగా కనిపించే గరుకు తగ్గాలని అందరూ శాంపిళ్ల సంఖ్యను (ఒక్కొక్క చుక్క రంగును తేల్చడానికి కంప్యూటరు వెలుతురును ఎన్నిసార్లు లెక్కిస్తుందో ఆ సంఖ్యను) పెంచుకుంటూ పోతారు. ఆ గరుకును సగానికి తగ్గించాలంటే శాంపిళ్లను నాలుగింతలు చేయాలి, అంటే ఇరవై నిమిషాల రెండర్ గంటా ఇరవై నిమిషాలు అవుతుంది. దానికి బదులు తక్కువ శాంపిళ్లతో తీసి, బ్లెండరులోనే ఉన్న, గరుకును తుడిచే డీనాయిజరుకు మిగిలిన పని అప్పగించండి. ఆ తరువాత బొడిపెల మీది అక్షరాలను దగ్గరగా చూడండి. అవి అలికినట్టు అయ్యాయంటే శాంపిళ్లు మరీ తగ్గించారని అర్థం, అప్పుడు కొద్దిగా పెంచండి. దీపాలు సరిచూసుకునేటప్పుడు మొత్తం చిత్రాన్ని తీయకుండా ఒక మూల మాత్రమే, అదీ సగం సైజులో తీసుకుంటే పది నిమిషాల పని ఒక నిమిషంలో తేలుతుంది.

కదిలే బొమ్మలు చేసేవారు నేరుగా వీడియోగా తీయవద్దు. ఫ్రేముకు ఒక చిత్రం చొప్పున భద్రపరుచుకుంటే, కరెంటు పోయినప్పుడు ఆ ఒక్క ఫ్రేమే పోతుంది. రోహిణి కార్తెలో మా ఇంట్లో రెండర్లన్నీ తెల్లవారుజామునే, లాప్‌టాప్ కింద రెండు చెక్క ముక్కలు పెట్టి గాలి ఆడేటట్టు చేసి తీస్తాను.

ప్రశ్న: కొండపల్లి ఎడ్లబండిని లెగో ఇటుకలతో కట్టి రెండర్ తీస్తే చెక్కబొమ్మలాగా కనిపించేలా చేయవచ్చా?
(కొండపల్లి)

జవాబు: చేయవచ్చు, కానీ నేనైతే చేయను. కొండపల్లి బొమ్మ అందమంతా తేలికైన తెల్లపొణికి చెక్కలో, చింతగింజల మక్కుతో అతికిన కీళ్ల మీద చేత్తో వేసిన రంగులో ఉంది. ఇటుకకు ఆ పూత పూస్తే ఇటుకా కాదు, చెక్కా కాదు. ప్లాస్టిక్ ఎడ్లబండిని ప్లాస్టిక్‌లాగానే మెరవనిచ్చి, పక్కన అసలు కొండపల్లి బండి ఫొటోను అదే వెలుతురులో అమర్చండి. నీడలు రెండింటికీ ఒకే దిక్కుగా పడాలి, అక్కడే మీ పనితనం తెలుస్తుంది.

ప్రశ్న: తెరమీద మెరిసిపోయిన నా రెండర్ ప్రింటు తీయిస్తే వెలిసిపోయినట్టు వచ్చింది. తప్పు ప్రింటు చేసినవారిదా?
(అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: వారిది కాకపోవచ్చు. తెర వెలుతురుతో రంగులు చూపిస్తుంది, ప్రింటు నాలుగు సిరాలతో చూపించాలి. లెగో ఇటుకలకుండే ఆ కొట్టొచ్చినట్టు కనిపించే నారింజ, చిలకాకుపచ్చ రంగులు సిరాకు అందవు, చీకటి భాగాలు తెరమీదకన్నా ఇంకా నల్లబడతాయి. రెండరును కాస్త వెలుతురు పెంచి ఇవ్వండి. ఏ4 కాగితానికి అంగుళానికి 300 చుక్కల లెక్కన 2480 గుణించు 3508 పిక్సెళ్లు కావాలి, అంతకన్నా చిన్న చిత్రాన్ని సాగదీయించవద్దు. పెద్ద ప్రింటు చెప్పే ముందు అరచేతంత ముక్క ఒకటి తీయించి, కొట్టులోని ట్యూబ్‌లైటు కింద కాకుండా గుమ్మం బయటికి వచ్చి పగటి వెలుతురులో చూసి, అప్పుడు డబ్బు కట్టండి.